తూకం బ్లేడు

ఇంటి నుంచి

బావమరిదికి,

సరుకుల లారీ రేపు బయలుదేరుతుందట. అందులో గ్రీజు డబ్బా, కొత్త నట్లు, మీ అక్క వాడిన పెద్ద పాన పంపుతున్నాను. ఆ కొండల్లో ఫోను పలకదు కాబట్టి చెప్పాల్సినవి రాస్తున్నాను.

మీ అక్క జ్వరంతో పోయేనాటికి ఒప్పుకున్న పని సగమే అయింది. మిగతా సగం నేను చేస్తానని నువ్వు ముందుకొచ్చావు. నేను వద్దనలేదు. అనాల్సిందేమో తెలియదు. నువ్వు ట్రాక్టరు బాగానే నడుపుతావు. వెనక తగిలించిన పొదల కట్టరు సంగతి వేరు. దాని చప్పుడుకి అలవాటు పడ్డాక మనిషి దాన్ని మరిచిపోతాడు. ప్రమాదం అక్కడుంది.

బ్లేడ్లు మార్చేటప్పుడు ఇంజను ఆపి తాళం జేబులో వేసుకో. బ్లేడ్లు తిరగడం ఆగేదాకా సీటు దిగకు. లేపిన కట్టరు కిందికి హైడ్రాలిక్‌ని నమ్మి దూరకు. నాలుగు మూలలా దుంగలు పెట్టు. ఒక బ్లేడు పాడైనా రెండూ మార్చాలి. రెంటికీ బరువు తేడా ఉంటే మిషన్ కుదురుగా తిరగదు. ఒకసారి విప్పిన నట్టు మళ్లీ వాడకు. అంచు మరీ పదునుగా నూరకు. మొండిగానే ఉండాలి. లేకపోతే రాయి తగలగానే పెచ్చు లేస్తుంది.

నన్నూ రమ్మని అడిగావు. నేను పనిచేసే నీటి పరీక్షల గదిలో ఇప్పుడు సెలవు దొరకదు.

బావ


కొండ మీది మకాం నుంచి

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీరు మొదటిసారి మా ఇంటికి వచ్చి వెళ్లిన రోజు అక్క అన్న మాట గుర్తొచ్చింది. "ఈయన మాటలు తూచి ఇస్తాడురా, కొసరు కూడా వెయ్యడు" అంది. అయినా ఈసారి పాన, గ్రీజు కొసరు పడ్డాయి. సంతోషం.

మకాం అంటే రేకుల షెడ్డు, పది మంచాలు, జనరేటరు ఉన్నంతసేపు వెలిగే ఒక బల్బు. తెల్లారాక ఎవరి బాట మీదికి వాళ్లం. అడవికి నిప్పంటుకుంటే అటు నుంచి ఇటు పాకకుండా గట్టు పొడవునా పొదలు కొట్టి ఖాళీ చెయ్యాలి. నా గట్టు నాది. పక్క గట్టు గడ్డపాయనది. ఆయన కూడా ఇలాంటి బండే నడుపుతాడు. నన్ను చూస్తే ఊరుకోడు.

"ఏం తమ్ముడూ, అక్క బండి ఎక్కావు సరే, అక్క గుండె కూడా తెచ్చుకున్నావా?" అన్నాడు మొదటి రోజే.

"గుండె సంగతి నాకొదిలెయ్ అన్నా. నువ్వా గడ్డం షాఫ్టుకి చుట్టుకోకుండా చూసుకో" అన్నాను.

అప్పట్నుంచి మా ఇద్దరికీ రోజూ ఏదో ఒక తగువు. నా గట్టు ఎక్కడ అయిపోతుందో, ఆయనది ఎక్కడ మొదలవుతుందో చెప్పే గుర్తు కర్ర మీద నిన్న గంటసేపు అరుచుకున్నాం. మా వెనక కొట్టిన పొదలు ఏరే ఆడవాళ్లు పనాపి మరీ చూశారు. వాళ్లలో ఒక అవ్వ "మీ ఇద్దరికీ పెళ్లి చేస్తే సరి" అంది.

ఒక మంచి పని చేశాను బావగారూ. అక్క పెట్టెలో అదనపు బ్లేడ్లన్నీ మట్టిపట్టి, తుప్పుపట్టి ఉన్నాయి. వర్షానికి పని లేని రోజున వాటికి చుట్టిన తీగలన్నీ విప్పేసి, ఇటుక ముక్కతో తోమి, నున్నగా నల్లరంగు వేశాను. ఒకదాని మీద బండి రంగేదో ఒలికినట్టు పసుపుపచ్చగా ఉంటే అదీ గీకేశాను. వరసగా ఆరబెడితే కొట్లో కొన్నవాటిలా ఉన్నాయి. అక్క చూస్తే మురిసిపోయేది. వాటిలోంచే ఒక జత తీసి బిగించాను. మీరు చెప్పినట్టే దుంగలు పెట్టి, కొత్త నట్లు వేసి.

భయమంటారా, నాకు కొంచెం ఉంది. చెప్పుకోవడానికి సిగ్గేముంది. అక్కకి మాత్రం ఆ మాటకి అర్థమే తెలీదు. ఆవిడ సీట్లో కూర్చుంటున్నాను కదా, అదే నా ధైర్యం.

మీ బావమరిది


ఇంటి నుంచి

బావమరిదికి,

ఇది అందిన చోటే ఆగు. కట్టరు ఆపు. మళ్లీ తిప్పకు.

నువ్వు గీకేసింది ఒలికిన రంగు కాదు. మీ అక్క పెట్టిన పసుపు గీత. ఆ బ్లేడు చీలింది. బోల్టు దూరే కన్నం దగ్గర వెంట్రుకలాంటి చీలిక. కంటికి ఆనదు. దాన్ని వాడకూడదని గీత పెట్టింది.

పారెయ్యకుండా ఎందుకు దాచిందని అడుగుతావు. దాని బరువు సరిగ్గా ఉండేది. కొత్త బ్లేడు ఏది కొన్నా త్రాసులో ఒక పక్క దాన్ని వేసి, రెండో పక్క కొత్తది వేసి, సరితూగేదాకా అంచు నూరేది. దాన్ని తూకం బ్లేడు అనేది. మిగతావాటిని జతలుగా తీగతో కట్టేది. దాన్ని ఒక్కదాన్నే విడిగా ఉంచేది. నువ్వు తీగలు విప్పావు. గీత చెరిపావు. ఇప్పుడు అన్నీ ఒకటే.

బరువు చూసి కనిపెట్టలేవు. అన్నీ దానికి సరితూచినవే.

నువ్వు బిగించిన జతలో అది ఉందో లేదో నాకు తెలియదు. నీకూ తెలియదు. ఆ వేగంలో సగం బ్లేడు ఊడితే కట్టరు మీది రేకుని చీల్చుకుని వస్తుంది. వెనక ఆ ఆడవాళ్లున్నారు.

కంట్రాక్టరు ఆఫీసుకి వెళ్లాను. కబురు పంపమన్నాను. "రంగు వేస్తే కంప్లయింటేంటి సార్, వెయ్యకపోతే కదా" అన్నాడు గుమాస్తా. పక్కాయన నవ్వాడు. లారీ డ్రైవరు చేతిలో ఈ ఉత్తరం పెట్టాను. "మీరే ఎక్కండి సార్, పక్క సీటు ఖాళీయేగా" అన్నాడు. మెట్టు మీద కాలు పెట్టాను. కొండ మీదికి వస్తే ఆ బండి కనిపిస్తుంది. ఆవిడ సీటు కనిపిస్తుంది. దిగిపోయాను.

పెట్టెలోవి, బండికి బిగించినవి కలిపి మొత్తం ఏడు బ్లేడ్లు ఉండాలి. బండికున్న రెండూ విప్పు. ఏడూ ఒకచోట పెట్టు. రంగు పూర్తిగా గీకెయ్యి. కన్నం చుట్టూ కిరసనాయిలు రాసి కాసేపు ఉంచు. శుభ్రంగా తుడిచి సుద్దపొడి పుయ్యి. చీలిక ఉంటే లోపలికి ఇంకిన నూనె పైకి వచ్చి సుద్ద మీద నల్ల గీత పడుతుంది. కాలేజీలో నేర్చుకున్నవాటిలో నాకు పనికొచ్చింది ఇదొక్కటే. మీ అక్కకి చూపించింది నేనే.

చూసి రాయి. వెంటనే.

బావ


కొండ మీది మకాం నుంచి

బావగారికి నమస్కారాలు.

ఈసారి లారీ రాలేదు. కింద వాగు పొంగిందట, అవతలి ఒడ్డునే ఉండిపోయిందట. ఫారెస్టు గార్డు అడ్డదారిన నడిచి ఊళ్లోకి వెళ్తున్నాడు కదా అని ఇది రాసి ఇస్తున్నాను. మీ ఉత్తరం ఏమైనా ఉంటే ఆ లారీలోనే తడుస్తూ ఉంటుంది.

ఇక్కడంతా బాగానే ఉంది. పని జోరుగా నడుస్తోంది. రెండు రోజులుగా మాత్రం సీటు కింద సన్నగా వణుకుతోంది. పళ్లు జివ్వుమంటాయే, అలాగ. నట్లు చూశాను, బిగువుగానే ఉన్నాయి. వేగం పెంచితే వణుకు తగ్గుతోంది, అందుకని పెంచే కొడుతున్నాను. అక్క ఉంటే చప్పుడు విని చెప్పేసేది.

అవ్వ నాకు దత్తత తల్లి అయిపోయింది. మిగతావాళ్లని దూరంగా ఉంచుతుంది కానీ తను మాత్రం నా కట్టరు వెనకే నడుస్తుంది. "దూరం జరగవే అవ్వా" అంటే, "నీ మిషన్ నన్నేం చేస్తుందిరా, నాలో కొట్టడానికేముంది, అంతా ఎముకలేగా" అంటుంది. ఏం చెప్పను!

గార్డు తొందరపెడుతున్నాడు. ఉంటాను.

మీ బావమరిది


ఇంటి నుంచి

బావమరిదికి,

గార్డు వాకిట్లో నిలబడి ఉన్నాడు. నీళ్లు తాగి తిరిగి బయలుదేరతానన్నాడు. నా ఉత్తరం నీకు అందలేదు. నువ్వు ఇంకా కొడుతున్నావు. వేగం పెంచి కొడుతున్నావు.

ఆపు.

నువ్వు గీకిన పసుపు రంగు చీలిన బ్లేడుకి గుర్తు. అది ఏడింటిలో ఏదో తెలియదు. నీ సీటు కింద ఉన్నది అదే కావచ్చు. అవ్వని, అందరినీ పంపెయ్యి. ఇంజను ఆపు. బండివి విప్పి, ఏడింటికీ రంగు గీకి, కన్నం చుట్టూ కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్ద పుయ్యి. నల్ల గీత పడ్డది చీలినది.

గార్డుకి నోటితో కూడా చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నాను. ఉత్తరం తడిసినా మాట మిగులుతుంది. "రాత ఏమీ అర్థం కావడం లేదు సార్" అన్నాడు. నిజమే. అక్షరాలు చదవలేకపోతే గార్డుని అడుగు.

బావ


కొండ మీది మకాం నుంచి

బావగారూ,

గార్డు గట్టు మీదికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. అప్పుడే ఆపేశాను. మీరు చెప్పినట్టే చేశాను. పెట్టెలో ఉన్న నాలుగూ, బండికున్న రెండూ, అన్నీ గీకి, కిరసనాయిలు పెట్టి, సుద్ద పూశాను. తెల్లగా ఉన్నాయి. గీత ఒక్కదాని మీద కూడా రాలేదు. మళ్లీ చేశాను. రాలేదు.

నా బండి వణుకు వేరే. పాత కంచె తీగ ఒకటి షాఫ్టుకి చుట్టుకుని ఉంది.

ఆరే ఉన్నాయి బావగారూ. ఏడు కాదు.

ఒకటి నేను గడ్డపాయనకి ఇచ్చాను. గుర్తు కర్ర గొడవయ్యాక ఆయన బ్లేడు రాయికి తగిలి వంగిపోయింది. వచ్చి అడగలేక అడిగాడు. నాకు గర్వం వేసింది. చూడ్డానికి కొత్తగా మెరుస్తోంది కదా అని ఇచ్చేశాను. అక్క వస్తువు ఎవరికో ఇచ్చానంటే మీరు బాధపడతారని రాయలేదు.

ఆయన ఇప్పుడు అవతలి గట్టు మీద కొడుతున్నాడు. ఇక్కడికి వినబడుతోంది. అవ్వా వాళ్లని ఇవాళ అటే పంపారు. గార్డు మళ్లీ కిందికి వెళ్తున్నాడని ఈ ముక్క రాసి ఇస్తున్నాను.

వెళ్తున్నాను.


ఇంటి నుంచి

బావమరిదికి,

గార్డు మధ్యాహ్నం వచ్చి వెళ్లాడు. మళ్లీ పైకి ఎప్పుడు వెళ్తాడో తెలియదన్నాడు. ఇది నీకు ఎలా అందుతుందో తెలియదు. అందేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. అయినా రాస్తున్నాను. చేతులు ఊరుకోవడం లేదు.

పక్క నుంచి వెళ్లకు. వెనక నుంచి అసలు వెళ్లకు. విసిరేది ఎక్కువగా అటే. చాలా ముందుకి చుట్టు తిరిగి, అతను చూసే దారిలో ఎదురుగా నిలబడు. బండి ఇంజను నీకూ కట్టరుకీ మధ్య ఉండాలి. అరవకు. వినబడదు. చొక్కా విప్పి ఊపు.

ఇవన్నీ నీకు నేను ముందే చెప్పి ఉండాలి. నట్లూ గ్రీజూ అని రాశాను.

ఆఫీసుకి మళ్లీ వెళ్లాను. తాళం వేసి ఉంది. మెట్ల మీద కూర్చున్నాను. లారీ రేపు వాగు దాటవచ్చునని ఎవరో అన్నారు. ఇంటికి వచ్చి అన్నం వండుకున్నాను. చల్లారిపోయింది. గోడ గడియారం చప్పుడు భరించలేక దాని బ్యాటరీ తీసేశాను.

మీ అక్క ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా ఇలాగే బల్ల మీద కూర్చున్నాను. అప్పుడు నాకు రాయడానికి ఎవరూ లేరు.

ఒక్క ముక్క రాయి. ఏదైనా సరే.

బావ


కొండ మీది మకాం నుంచి

బావగారూ,

బతికే ఉన్నాను. అందరం ఉన్నాం. ముందు ఇది చదివి, మంచినీళ్లు తాగి, తర్వాత మిగతాది చదవండి.

రెండు గట్ల మధ్య లోయ దిగి ఎక్కాలి. దారంతా ఆయన కట్టరు చప్పుడు వింటూ పరుగెత్తాను. ఆగిపోయినట్టు వినబడితే, అయిపోయిందేమో అనిపించేది. మళ్లీ మొదలైతే, ఇంకా తిరుగుతోందే అనిపించేది. రెంటిలో దేనికి భయపడాలో తెలియలేదు.

పైకి ఎక్కేసరికి బండి నాకు అడ్డంగా వెళ్తోంది. వెనక ఆడవాళ్లు వంగి ఏరుతున్నారు. అవ్వ అందరికంటే ముందుంది, కట్టరు వెనక వేలాడే గొలుసులకి పది అడుగుల దూరంలో. అరిచాను. నా గొంతు నాకే వినబడలేదు. చొక్కా విప్పి ఊపాను. గడ్డపాయన చూశాడు. చూసి పిడికిలి చూపించాడు. గుర్తు కర్ర కోసం మళ్లీ కొట్లాటకి వచ్చాననుకున్నాడు. వేగం పెంచాడు బావగారూ.

పరుగెత్తి చుట్టు తిరిగి ఎదురుగా వెళ్లాను. చేతులు అడ్డం పెట్టాను. తప్పుకోమని సైగ చేశాడు. ఇంకేం చెయ్యాలో తోచక దారి మధ్యలో కూర్చుండిపోయాను. ధైర్యం కాదు.

ముందు చక్రం నా మోకాలి దగ్గర ఆగింది. ఆయన కట్టరు ఆపి, ఇంజను ఆపి, పై నుంచే అందుకున్నాడు.

"చావాలనుంటే నీ బండి కింద చావరా! నా బండేం పాపం చేసింది? ఇంత కర్ర ముక్క కోసం ప్రాణం తీసుకుంటావా?"

"బ్లేడు" అన్నాను. "బ్లేడు, బ్లేడు" అంటూనే ఉన్నాను.

"ఏం, ఇచ్చినదాన్ని తిరిగి అడగడానికొచ్చావా? అడిగితే ఇవ్వనా? కూర్చోవాలా దానికి?"

కట్టరు కింద బ్లేడ్లు ఇంకా తిరుగుతున్నాయి. ఆగేదాకా ఆయన్ని సీటు దిగనివ్వలేదు. ఆగాక లేపించి, దుంగలు పెట్టించి, నేనే కిందికి దూరాను. ఆయన దూరతానన్నాడు, నేను వద్దన్నాను. కొత్త రంగు అప్పటికే గీసుకుపోయింది. ఏదీ కనిపించలేదు. పాన వేసి నట్టు ఒక చుట్టు వదులు చేశాను. అంతే. బ్లేడు నా ఛాతీ మీద పడింది. మొత్తం కాదు. ముప్పావు వంతు. మిగతా ముక్క కన్నంతో సహా బోల్టుకే ఉంది. గోరు మందం ఇనుము పట్టుకుని అప్పటిదాకా వేలాడిందన్నమాట.

బయటికి వచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూశాడు. అవ్వ నిలబడిన చోటు చూశాడు. కిందికి కూలబడి, గడ్డం రెండు చేతుల్తో పట్టుకున్నాడు. అవ్వ దగ్గరికి వచ్చి, "ఇదేంట్రా, అరటిపండు తుంచినట్టు తుంచావు" అంది. నేను ఆవిడ కాళ్లు పట్టుకున్నాను. "లే, లే, సిగ్గులేదూ, చొక్కా అయినా లేదు ఒంటిమీద" అంది.

ఇదంతా అయ్యాక నేను పనికిరాకుండా పోయాను బావగారూ. తీగ తీసేశాను, మంచి జత బిగించాను, నా బండి సిద్ధంగా ఉంది. పొద్దున్నే సీటెక్కి తాళం పెడతాను. తిప్పలేను. చెయ్యి చల్లబడిపోతుంది. నోరు ఎండిపోతుంది. దిగిపోతాను. గడ్డపాయన చూసి కూడా ఏమీ అనడం లేదు. అది ఇంకా అవమానంగా ఉంది.

అక్క కడుపున పుట్టిన పిల్లలు లేరు కాబట్టి నేనే ఆవిడ పని నిలబెడతాననుకున్నాను. ఆవిడ గుండె వేరు. నేను పిరికివాణ్ణి. బండి అమ్మేద్దాం. మీరు సరేనంటే చాలు.

మీ బావమరిది


లారీ ముందు సీటు నుంచి

బావమరిదికి,

వాగు దాటాం. దారి బాగాలేదు, అక్షరాలు వంకరపోతున్నాయి. ఈ ఉత్తరం నీకు నా చేతులతోనే ఇస్తాను. నోటితో చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

ఎక్కేముందు డ్రైవరే కిందికి దిగి వచ్చాడు. తలుపు తీసి పట్టుకున్నాడు. నీటి పరీక్షల గదిలో సెలవు ఎప్పుడు అడిగినా ఇస్తారు. దొరకదని నీకు అబద్ధం రాశాను.

మీ అక్కకి భయం తెలీదని రాశావు. ఆ మాట నేను చాలాసార్లు విన్నాను, చాలామంది దగ్గర. ఎప్పుడూ కాదనలేదు. ఆవిడ వద్దంది.

ప్రతి ఉదయం ఆవిడ చేతులు మంచులా ఉండేవి. టీ గ్లాసు అందిస్తే వేళ్లు తగిలేవి. బండి ఎక్కేముందు నోరు పుక్కిలించేది, నాలుక అంగిలికి అంటుకుపోతోందని. నేను బిగించిన నట్టు మళ్లీ తను బిగించేది. "అన్నీ చూశావా?" అనేది. చూశానంటే, "ఇంకోసారి చూడు" అనేది. కొన్ని రోజులు తాళం పెట్టి, తిప్పకుండా, అలాగే కూర్చునేది. నేను పక్కన నిలబడేవాణ్ణి. కొంతసేపటికి తిప్పేది. తిప్పని రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో ఒంట్లో బాగాలేదని ఆఫీసుకి కబురు పంపేవాళ్లం.

పసుపు గీత ధైర్యం ఉన్నవాళ్లు పెట్టే గీత కాదు.

"మా తమ్ముడికి మాత్రం చెప్పకు. వాడు నన్ను చూసి ధైర్యం తెచ్చుకుంటాడు" అంది. ఆసుపత్రిలో కూడా అంది. సరేనన్నాను. ఇప్పుడు మాట తప్పుతున్నాను. తప్పకపోతే నువ్వు నిన్ను చూసుకుని సిగ్గుపడుతూ ఉంటావు. లేదా సిగ్గుకి ఏదో ఒక రోజు తాళం తిప్పేస్తావు. రెండోదానికి నాకు ఎక్కువ భయం.

బండి అమ్ముదామంటే అమ్ముదాం. ఉంచుదామంటే ఉంచుదాం. పైకి వచ్చాక నువ్వు సీట్లో కూర్చో. నేను పక్కన నిలబడతాను. తిప్పితే తిప్పు. లేకపోతే దిగు.

మకాం రేకులు కనిపిస్తున్నాయి. డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

ఇది చదివేటప్పుడు నా ముఖం వైపు చూడకు. చదివి మడిచి జేబులో పెట్టుకో. ఎక్కడ పడుకోవాలో చూపించు.

బావ